వెండితెరపై గాయకుల చిన్న వేషములు

పాఠశాలా వార్షికోత్సవమునకు నాటకము నాడింప సంకల్పించిన ప్రతి యేటను ఒక చిక్కు తప్పక యెదురగును. రాజు వేషమునకు పదిమంది బాలురు పోటీపడుదురు. ద్వారపాలకుని వేషమునకు ఒక్కడును ముందునకు రాడు. ఎట్లో బుజ్జగించి యొకని నొప్పించినను, మఱునాడు తండ్రిగారు వచ్చి, "మావాడు చెప్పవలసినవి రెండే మాటలా అయ్యవారూ?" అని చిన్నబుచ్చుకొందురు. పెద్ద వేషము గౌరవమనియు, చిన్న వేషము అవమానమనియు మనలో నొక భావము వేళ్లు పాతుకొనియున్నది. ఈ భావము సరికాదని నా యభిప్రాయము. దీనిని నిరూపించుటకు పురాణములను గాని, నీతిశాస్త్రములను గాని తడవను. మన పిల్లలు మక్కువతో జూచు చలనచిత్రములనే సాక్ష్యముగా దెచ్చెదను. అందును, నటన వృత్తిగా గల వారిని విడిచి, పాటయే వృత్తిగా గల వారిని సాక్షులుగా బిలిచెదను.

అమెరికాదేశమున 1950 తరువాత బలపడి, ఇంగ్లండున పెరిగి, లోకమంతటను వ్యాపించిన 'రాక్' సంగీతమును మన పెద్ద తరగతుల విద్యార్థు లెఱుగుదురు. విద్యుచ్ఛక్తిచే మ్రోగు గిటారులు, పెద్ద డ్రమ్ములు, వేదిక యెదుట వేలకొలది జనులు — ఇవి దాని గుఱుతులు. ఆ వేదికపై గాయకుడే రాజు. రెండు మూడు గంటలకాలము జనసమూహమును తన యిచ్చవచ్చినట్లు ఊపగల శక్తి యాతనిది. అట్టివారు పలువురు చలనచిత్రములలో కొలది నిమిషముల వేషములకు సమ్మతించిరి. ఆ కొలది నిమిషములే చూపఱుల మనస్సున నిలిచిపోయినవి.

డేవిడ్ బౌవీ యను ఆంగ్లగాయకుడు 2006వ సంవత్సరమున వెలువడిన 'ది ప్రెస్టీజ్' అను చిత్రమున నికోలా టెస్లా యను విద్యుచ్ఛాస్త్రజ్ఞుని వేషము ధరించెను. మెఱుపులు చిమ్ముచున్న యంత్రమునడుమనుండి ఆతడు ప్రశాంతముగా నడిచివచ్చును. చిత్రమంతటను ఒక్క పాటయు పాడడు. తన కీర్తిని పాదరక్షలవలె గుమ్మమువెలుపల విడిచి లోనికి వచ్చినట్లుండును. 1980లో వెలువడిన 'ది బ్లూస్ బ్రదర్స్' అను చిత్రమున, పుట్టుగ్రుడ్డి కాకపోయినను బాల్యముననే చూపు గోల్పోయిన మహాగాయకుడు రే చార్లెస్, వాద్యములమ్ము అంగడివాడై కనబడును. బేరమాడవచ్చిన వారికి వాద్యము మంచిదో కాదో చూపుటకై తానే మీటలపై వ్రేళ్లు నడుపును. అంతట వీధివీధియు నాట్యమాడును. 'రోలింగ్ స్టోన్స్' అను బృందమున గిటారు వాయించు కీత్ రిచర్డ్స్, 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' అను చిత్రమాలలో 2007 నాటి మూడవ చిత్రమున, కథానాయకుడగు ఓడదొంగకు తండ్రిగా నొక చిన్న వేషము వేసెను. కథానాయకుని పాత్ర ధరించిన జానీ డెప్ తన నడకను, మాటతీరును ఈ రిచర్డ్స్‌ను జూచియే కొంత దిద్దుకొంటినని ముందే చెప్పియుండెను. అందుచే ఈ తండ్రి కొడుకుల కలయిక యందొక చమత్కారము కలిగినది.

అన్నిటికంటె చిన్న వేషము మఱియొకటి కలదు. 1964లో 'బీటిల్స్' బృందము నటించిన 'ఎ హార్డ్ డేస్ నైట్' అను చిత్రమునకై లండనులో నొక నాటకశాలయందు కచేరి దృశ్యము తీసిరి. ఆనాడు శ్రోతలుగా కూర్చుండుటకై పిలువబడిన పిల్లలలో పదుమూడేండ్ల ఫిల్ కాలిన్స్ అను బాలుడొకడు. ఆతనికి మాట లేదు, పాట లేదు, పేరును లేదు. తరువాతికాలమున ఆ బాలుడే డ్రమ్ములు వాయించుటయందును, పాడుటయందును లోకప్రసిద్ధు డయ్యెను. గుంపులో కూర్చున్న బాలుని చిన్నచూపు చూడరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఈ యుదాహరణములను పరిశీలించినచో గాయకుల చిన్న వేషములు మూడు తెగలని తోచును. మొదటి తెగయందు గాయకుడు తన పని తాను చేయును. అంగడిలో కూర్చున్నను వాయించును. రెండవ తెగయందు తన ప్రసిద్ధిని మఱుగుపఱచి, పాత్రలో లీనమగును. మూడవ తెగయందు ఈ రెండును ఉండవు. పేరుగల ముఖము నొకదానిని తెచ్చి, క్షణకాలము చూపి, ఈలలు వేయించుకొని పంపివేయుదురు. ఈ మూడవదానిని నేను సమర్థింపను. అది అంగడి పలకపై వ్రాసిన ప్రకటన వంటిది. "ఈతడెవరో యెఱుగని పల్లెటూరివానికి సయితము ఈ దృశ్యము రుచించునా?" యని ప్రశ్నించుకొనిన చాలును, ఏది ఏ తెగకు చెందునో తేలిపోవును.

ఇక మన తెలుగునాట యేమి జరిగినదో చూతము. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వెలువడినది. ఆ కాలమున పాడలేని వానికి తెరపై చోటు లేదు; ఎవరి పాట వారే పాడుకొనవలెను. తరువాత నేపథ్యగానము వచ్చినది. పాడువా డొకడు, పెదవులు కదల్చువాడు మఱియొకడు నైరి. దీనివలన పాటకు మేలు కలిగినది, నటనకును మేలు కలిగినది; కాని గొంతునకును ముఖమునకును ఎడబాటు కలిగినది. ఇంటింటను మ్రోగు గొంతు గలవాడు వీధిలో నడిచిపోయినను గుర్తించువారు తక్కువయైరి. ఈ విచిత్రస్థితినే 1953 నాటి 'పక్కింటి అమ్మాయి' యను చిత్రము హాస్యముగా మలచినది. పాట రాని ప్రియునిగా రేలంగి పెదవులు కదల్చుచుండగా, చాటుననుండి పాడు మిత్రునిగా గాయకుడు ఏ. ఎం. రాజా తానే వేషము వేసెను. నేపథ్యగాయకుడు నేపథ్యగాయకునిగానే తెరపైకి వచ్చుట! 1952 నాటి వంగచిత్ర మీ కథకు మూలము. హిందీలో 1968లో 'పడోసన్' అను పేర వెలువడినపుడు కిశోర్ కుమార్ అట్టి వేషమునే ధరించెను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ యంతకంటె గంభీరమైనది. విజయనగరమున సంగీతము నభ్యసించి, 1942 నాటి స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకు పోయివచ్చి, మదరాసు చేరిన యా యువకునికి మొదట దొరకినవి బృందగానములును, చిన్నచిన్న వేషములునే. 1944 నాటి 'సీతారామ జననము' చిత్రమున గుంపులో పాడి, చిన్న వేషము కూడ వేసిరి. పిమ్మట కొలది యేండ్లకే వారి గొంతు తెలుగువారి గొంతు అయినది. 1960లో పి. పుల్లయ్యగారు 'శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము' తీసినపుడు, రామారావుగారికి నేపథ్యమున పాడిన ఘంటసాలవారే ఒక భక్తిగీతమునకు స్వయముగా తెరపై కనబడిరి. కథానాయకుడుగా కాదు, దేవుడుగాను కాదు; స్వామిసన్నిధిని కూర్చుండి పాడు గాయకుడుగానే. అన్నాళ్లును వినుచున్న గొంతునకు నాటికి ముఖము దొరకినది. 1974లో వారు దివంగతులైరి. వారు పాడగా చూచుటకు నేటికిని మనకు మిగిలిన కొలది సాధనములలో ఆ చిన్న దృశ్య మొకటి.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1967 నాటి 'భక్త ప్రహ్లాద'యందు నారదుని వేషము ధరించుట మఱియొక యుదాహరణము. బాల్యముననే కచేరీలు చేసి, యౌవనారంభముననే డెబ్బదిరెండు మేళకర్తరాగములయందును కృతులు రచించిన విద్వాంసుడాయన. ఎస్. వి. రంగారావుగారి హిరణ్యకశిపుడును, బాలిక రోజారమణి ధరించిన ప్రహ్లాదుడును ఆ చిత్రమునకు ప్రాణము. వారి నడుమ నారదుడు వచ్చి, పాడి, వెడలిపోవును. అంతటి విద్వాంసుడు ఇది నాకు చాలని వేషమని యనుకొనలేదు. మొదటి 'భక్త ప్రహ్లాద' నాటికి నటుడు గాయకుడు కావలసియుండెను. ముప్పదియైదేండ్ల పిమ్మటి 'భక్త ప్రహ్లాద'కు గాయకుడే నటుడై వచ్చెను.

మన ప్రాంతపు చదువరులకు అన్నిటికంటె దగ్గఱి సాక్ష్య మింకను మిగిలియున్నది. సికింద్రాబాదునుండి ఉత్తరమునకు రెండు రాజమార్గములు పోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా తూప్రాను చేరును. రెండవది అల్వాలు, శామీర్‌పేట మీదుగా గజ్వేలు ప్రజ్ఞాపూరునకు పోవును. తూప్రాను గద్దరు జన్మస్థలము. గుమ్మడి విఠలరావు ఆయన యసలు పేరు. ప్రజ్ఞాపూరు చిత్రకారుడును, చిత్రనిర్మాతయు నగు బి. నర్సింగరావుగారి స్వగ్రామము. ఈ రెండు త్రోవల మనుష్యులు కలిసినందున 'మా భూమి' యను చిత్రమున నొక దృశ్యము పుట్టినది.

'మా భూమి' 1979 నాటిది. నర్సింగరావుగారు నిర్మాతలలో నొకరు. వంగదేశీయుడగు గౌతమ్ ఘోష్ దర్శకుడు. ఆతనికి అదియే మొదటి కథాచిత్రము. కృషన్ చందర్ ఉర్దూ నవల దానికి మూలము. నిజాముకాలపు తెలంగాణా పల్లెలలో దొరల దౌర్జన్యము, రైతుల తిరుగుబాటు అందలి కథ. అందు గద్దరు తెరపైకి వచ్చి యొక పాట పాడును. ఆ పాట ఆయన రచించినది కాదు. సాయుధపోరాటకాలమున బండి యాదగిరి యను ప్రజాకవి కట్టినది. పాట ముగియగానే గాయకుడు కథనుండి తొలగిపోవును. వేషమంతయు అంతియే. కాని ఆ చిత్రముపేరు చెప్పినంతనే మన పెద్దలు మొట్టమొదట తలచునది ఆ పాటనే. కథానాయకుని పేరు మఱచినవారు సయితము గద్దరును మఱవలేదు.

ఇది యెట్లు సాధ్యమైనది? నా యూహ యిది. ఆ దృశ్యమున నటన లేదు. గోచి, గొంగడి, చేతికఱ్ఱ, కాలిగజ్జె — వీనితో ఊరూర తిరిగి పాడుటయే గద్దరు జీవితము. పాటకు పల్లెవారిని ఎట్లు కూర్పవలెనో, ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ అడుగు వేయవలెనో ఆయనకు పుస్తకము చదివి నేర్వవలసిన పని లేదు. పాశ్చాత్యుల రాక్ గాయకుడు విద్యుత్తు సాయమున చేయు పనిని, ఈయన ఒక డప్పు సాయమున చేసెను. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారు మనలో ననేకులుందురు. హింసామార్గమును గుఱించి వారడుగు ప్రశ్నలు తోసివేయదగినవి కావు. ఆ తగవు వేఱు. పాట జనులను కదల్చెనా యను ప్రశ్నకు మాత్రము రెండు సమాధానములు లేవు. 2011లో 'జై బోలో తెలంగాణ' చిత్రమునను ఆయన అట్లే ఒక పాటకు కనబడెను. 2023 ఆగస్టు 6వ తేదీన మరణించెను. శామీర్‌పేట త్రోవలో నున్న అల్వాలున, తాను స్థాపించిన పాఠశాల యావరణముననే ఆయన సమాధి యున్నది. తెలంగాణా ప్రభుత్వము చలనచిత్రముల కిచ్చు బహుమానములకు ఆయన పేరు పెట్టి, 2025లో మొదటిసారి ప్రదానము చేసినది. చిన్న వేషములు మాత్రమే వేసినవాని పేర పెద్ద నటులకు బహుమానము లిచ్చుట గమనింపదగినది.

దీనికి కొందఱు ఆక్షేపణ చెప్పవచ్చును. "గాయకుడు పాడుకొనవలెను, నటుడు నటింపవలెను, ఒకరి పనిలో నొకరు వేలుపెట్ట నేల? 'శంకరాభరణము'న శంకరశాస్త్రి వేషము వేసిన జె. వి. సోమయాజులుగారు గాయకులా? ప్రభుత్వోద్యోగియై రంగస్థలమున నటించుచుండిన యాయన 1980లో ఆ పాత్రకు ప్రాణము పోయలేదా?" అని. ఈ మాట నిజము. విద్వాంసుని జీవితమును మూడు గంటలసేపు నడపి చూపుటకు నటుడే కావలెను. పాట యెస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిది; ప్రవర్తన, చూపు, మౌనము సోమయాజులుగారివి. అంతమాత్రమున చిన్న వేషమున గాయకుడు పనికిరాడని సిద్ధింపదు. కథను మోయుట యొక పని; కథయందొక క్షణమున సత్యమును చూపుట మఱియొక పని. మొదటిదానికి నటుని నేర్పు వలయును. రెండవదానికి ఆ పనిని బ్రదుకంతయు చేసిన చేతులు, గొంతు వలయును. దూలము, మేకు రెండును ఇంటికి కావలసినవే. దూలము పొడవును జూచి మేకును పాఱవేయము గదా.

ఇంతవఱకు చెప్పినది గాయకులవలన చిత్రములకు గలిగిన మేలు. చిత్రములవలన గాయకులకు గలిగిన మేలెంత? ఇది బాధాకరమైన ప్రశ్న. 2023 మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వమున 'బలగం' అను చిత్రము వెలువడినది. ఇంటిపెద్ద మరణించును, పిండమును కాకి ముట్టదు, పాతపగలతో విడిపోయిన బంధువులు ఒకరి ముఖ మొకరు చూడరు. తుదకు బుడగజంగాల దంపతులు వచ్చి, చనిపోయినవానిని గుఱించి పాడుదురు. ఆ పాట వినుచు కుటుంబమంతయు కరగి యేడ్చును. ఆ దంపతులు నటులు కారు. వరంగల్లు ప్రాంతపు పస్తం మొగిలయ్య, కొమురమ్మ యను నిజమైన బుడగజంగాలు. చావుయింట పాడుట వారి కులవృత్తి. వారు తెరపై నున్నది కొన్ని నిమిషములే. తెలంగాణా పల్లెలలో వీధుల తెరలు గట్టి, ఊరంతయు కూర్చుండి ఆ చిత్రమును జూచినది. ఆ పాట వచ్చినపుడు కన్ను చెమర్పనివారు అరుదు.

ఆ కాలముననే మొగిలయ్య మూత్రపిండముల వ్యాధిచే బాధపడుచుండెను. పాటవలన ఆయనను జనులు గుర్తించిరి గనుక ప్రభుత్వమును, చిత్రపరిశ్రమవారును కొంత సాయము చేసిరి. అయినను 2024 డిసెంబరులో ఆయన మరణించెను. ఆ కొన్ని నిమిషములు లేకున్నచో ఆయన వ్యాధి వార్తాపత్రికకు ఎక్కియుండెడిది కాదు. అట్టి నిమిషములు దొరకని బుడగజంగాలు, ఒగ్గువారు, చిందువారు ఎందఱు? వారి వ్యాధులను అడుగువా రెవరు? గాయకుని చిన్న వేషము మనకు ఆనందము నిచ్చుటతో ముగియరాదు. ఆ గొంతు వెనుక నొక మనుష్యుడున్నాడని, వానికొక యింటిభారమున్నదని మనకు తెలుపవలెను.

ఈ విషయమున మన విద్యాలయములు చేయగల పని కలదు. నేడు ఏ పాఠశాలా వార్షికోత్సవము చూచినను, యంత్రమున మీట నొక్కిన పాటలకు పిల్లలు నాట్యమాడుచున్నారు. వారి శ్రమను నేను తక్కువ చేయను. కాని మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపట్టుల గ్రామములయందు ఒగ్గుకథ చెప్పువారు, డప్పు వాయించువారు, భజన పాడువారు ఇంకను ఉన్నారు. చెఱువుల ప్రక్కను, పొలములయందును మేడలు లేచుచున్నకొలది వారికి పాడుటకు చోటును, వినుటకు చెవులును తగ్గుచున్నవి. ప్రతి వార్షికోత్సవమునను యంత్రపు పాట నొకదానిని తగ్గించి, అట్టి గాయకు నొకనిని వేదికపైకి పిలిచి పది నిమిషములు పాడింపుడని పెద్దలను వేడుచున్నాను. ఆయన పేరును, ఊరును అతిథుల పేర్లతోపాటు కార్యక్రమపత్రమున ముద్రింపవలెను. తగిన పారితోషికమును ఆ రాత్రియే చేతికీయవలెను. శాలువ కప్పి పంపుట చాలదు.

విద్యార్థులారా, మీకును ఒక పని చెప్పుచున్నాను. ఈ వేసవి సెలవులలో మీ యూరిలో పాడువారు, వాయించువారు ఎవరున్నారో అడిగి తెలిసికొనుడు. వారివద్ద కూర్చుండి, పాట యెవరివద్ద నేర్చిరో, ఎన్ని యేండ్లుగా పాడుచున్నారో వినుడు. వారు సమ్మతించినచో వ్రాసికొనుడు. అట్టి వ్యాసములు నాలుగు వచ్చినను రాబోవు సంచికకు అవి అలంకారమగును. తలిదండ్రులారా, ఆ గాయకుడు మీ పిల్లవానికి బంధువో, పొరుగువాడో కావచ్చును, ఆయనవద్దకు పోనిండు. చలనచిత్రమువారు వచ్చి చూపినపుడు గాని మన యింటిప్రక్కవాని గొంతు మనకు వినబడకుండుట మంచిది కాదు.